రాకాసి గుళ్ళలో ఏముంది?

దుర్గి దగ్గర ఒక పల్లె. ఆ ఊళ్ళో ఒక ఇంటివాళ్ళ చేనుగట్టున పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతి ఉన్నాయి. ఊరివాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అంటారు.

ఒకరోజు ఎవడో వచ్చాడు. ఆ రాళ్ళ కింద లంకెబిందెలు ఉన్నాయన్నాడు. అమావాస్య రాత్రి తవ్వాలన్నాడు. పూజకు 5,000 రూపాయలు అడిగాడు.

"నీ కమ్మలు ఇవ్వు. తాకట్టు పెడతాను. బిందె దొరికితే వడ్డాణమే చేయిస్తాను" అన్నాడు మొగుడు. కోడలు ఏమీ అనలేదు. అవి పుట్టింటివాళ్ళు పెట్టిన కమ్మలు.

ఆ వారమే చదువుల కేంద్రం ఆడవాళ్ళు నాగార్జునకొండ చూడబోయారు. అత్తా కోడళ్ళూ వెళ్ళారు. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కారు. కొండ మీద ఒకచోట రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి.

"అత్తా! ఇవి మన చేలో రాళ్ళలాగే ఉన్నాయే!"

పక్కన బోర్డు ఉంది. కోడలు కూడబలుక్కుని చదివింది. "స... మా... ధి."

"అయ్యో! మన చేలో ఉన్నవీ సమాధులేనా?" అంది అత్త.

అవును. ఇలాంటివి రెండు మూడు వేల ఏళ్ళ నాటి సమాధులు. రాక్షసులు కట్టినవి కావు. మనలాంటి మనుషులే కట్టారు. గొయ్యి తీసి, పోయినవాళ్ళ ఎముకలు అందులో ఉంచారు. పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టారు. పైన మట్టి, రాళ్ళు కుప్ప పోశారు. చుట్టూ బండరాళ్ళు నిలిపారు. దినాల నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి మనం పెడతాం గదా! ఇదీ అలాంటిదే.

ఆ కుండలు లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. బోర్లించి కాల్చేవారు. లోపలికి గాలి తగలక నల్లబడేది.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో పునాది వేశారు. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వి చూశారు. దొరికినవి కొండ మీద భద్రం చేశారు. ఇలాంటి సమాధుల్లో ఎక్కడో ఒక చిన్న నగ దొరకవచ్చు. ఎక్కువగా దొరికేవి కుండపెంకులు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుము. పెంకును బట్టే ఆనాటి బతుకు తెలుస్తుంది. రాత్రిపూట గునపంతో పొడిస్తే ఆ ఆనవాలు పోతుంది.

ఇంగ్లండులో ఉఫింగ్టన్ దగ్గర కొండవాలు మీద తెల్లగుర్రం బొమ్మ ఉంది. పొడవు సుమారు 110 మీటర్లు. గాడి తవ్వి, తెల్లసుద్ద నింపి చేశారు. అదీ సుమారు 3,000 ఏళ్ళ నాటిదే. జనం వచ్చి గడ్డి పీకి, కొత్త సుద్ద దంచుతారు. చెయ్యకపోతే గడ్డి కప్పేస్తుంది. పాతవి నిలిచేది చూసుకునేవాళ్ళు ఉంటేనే.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడవచ్చు.

ఇంటికి రాగానే కోడలు మొగుడితో అంది: "అవి సమాధులు. నేనే చదివాను. కమ్మలు ఇవ్వను."

"ఎవరో చెప్పింది నమ్ముతావా, చదివింది నమ్ముతావా?" అంది అత్త కొడుకుతో. "మీ తాత ఆ రాళ్ళను తప్పించి దున్నేవాడు. నువ్వూ అలాగే దున్ను."

అమావాస్య వచ్చింది, పోయింది. రాళ్ళు చేలో ఉన్నాయి. కమ్మలు చెవులకు ఉన్నాయి.

చెప్పండి, రాయండి

1. రాకాసి గుళ్ళు ఎవరు కట్టారు? ఎందుకు?
2. కుండ లోపల ఎందుకు నల్లబడేది?
3. మీ ఊళ్ళో ఇలాంటి రాళ్ళు ఉన్నాయా? పెద్దవాళ్ళను అడిగి, నాలుగు మాటలు రాయండి.