ఆరంభశూరత్వం దాటి అలవాటు దాకా

కొత్త సంవత్సరం వస్తూనే మన శాఖలకు కొత్త క్యాలెండర్లు, డైరీలు చేరతాయి. డైరీ మొదటి పేజీలో చాలామందిమి ఏదో ఒక నిర్ణయం రాసుకుంటాం. రోజూ నడవాలి, స్వీట్లు తగ్గించాలి, రాత్రి ఫోన్ పక్కన పెట్టాలి, పిల్లల చదువు కాసేపు చూడాలి, ఆగిపోయిన సీఏఐఐబీ పూర్తి చేయాలి. సంక్రాంతి వరకు బండి బాగానే నడుస్తుంది. ఫిబ్రవరిలో రికవరీ క్యాంపులు, మొండి బాకీల సమీక్షలు. మార్చి అంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆ హడావుడిలో డైరీ పేజీలు తెల్లగానే మిగిలిపోతాయి. దీనికి మన భాషలో ఎప్పటినుంచో ఒక పేరుంది: ఆరంభశూరత్వం.

అయితే ఈ శూరత్వాన్ని ఎగతాళి చేయనవసరం లేదు. కొత్త ఆరంభానికి నిజంగానే బలం ఉంది. హెంగ్‌చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన పత్రంలో ఈ సంగతి చూపించారు. వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో జిమ్‌కు వెళ్లేవారి సంఖ్య పెరుగుతుంది. అంటే జనవరి 1న మనకు కలిగే ఉత్సాహం బూటకం కాదు. అది ప్రారంభ పెట్టుబడి లాంటిది. పెట్టుబడిని ఎక్కడ పెడతామన్నదే అసలు ప్రశ్న.

శాఖ ఎలా నడుస్తోంది?

శాఖలో రోజువారీ పని ఎవరి పట్టుదల మీదా ఆధారపడి నడవదు. ఉదయం స్ట్రాంగ్ రూమ్ తెరవాలంటే ఇద్దరు రావాలి, ఇద్దరి తాళాలూ పడాలి. సాయంత్రం చేతిలోని నగదు, సిస్టమ్‌లోని లెక్క సరిపోవాలి. సరిపోనిదే ఆ రోజు ముగియదు. ‘ఇవాళ నగదు లెక్కపెట్టే ఉత్సాహం నాకుందా’ అని ఏ క్యాషియరూ తనను తాను అడగడు. ఏ పని ఎప్పుడు చేయాలో, దేని తర్వాత చేయాలో, ఎవరు సరిచూడాలో ముందే తేలిపోయి ఉంటుంది. అందుకే పెళ్లిళ్ల రోజుల్లో సగం మంది సెలవులో ఉన్నా లెక్క తేలుతుంది.

ఇంటి దగ్గర మాత్రం మనం ప్రతి ఉదయం కొత్తగా తీర్మానం చేయబోతాం. లేవాలా, ఇంకో పది నిమిషాలు పడుకోవాలా? రోజూ ఓటింగ్ పెడితే ఏదో ఒక రోజు మంచమే గెలుస్తుంది. అందువల్ల ఈ పాఠంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. శాఖ పనికి ఉన్నట్టే సొంత అలవాటుకూ ఒక వేళ, ఒక చోటు, ఒక సరిచూసే పద్ధతి ఏర్పాటు చేయాలి. అప్పుడది ఉత్సాహం తగ్గిన రోజున కూడా నడుస్తుంది.

ఎన్ని రోజులు పడుతుంది?

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చాలామంది చెబుతుంటారు. ఈ మాటకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. శస్త్రచికిత్స తర్వాత తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ అన్న మాట జారిపోయింది, 21 మాత్రం మిగిలింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం ఈ విషయాన్ని 96 మందితో 12 వారాలపాటు పరిశీలించింది. ఒక్కొక్కరు తినడం, తాగడం, వ్యాయామం వంటి వాటిలో ఒక చిన్న పని ఎంచుకుని, ‘టిఫిన్ తర్వాత’ లాంటి ఒక సందర్భానికి దాన్ని ముడిపెట్టి రోజూ చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మంచినీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ జరగలేదు.

ఈ లెక్కను మన క్యాలెండర్ మీద పెట్టి చూడండి. జనవరి 1న మొదలుపెడితే 66వ రోజు మార్చి 7. అంటే అలవాటు ఇంకా పచ్చిగా ఉండగానే క్లోజింగ్ ఒత్తిడి మీద పడుతుంది. బ్యాంకు ఉద్యోగుల తీర్మానాలు నిలవకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదన్నమాట. మొలక దశలోనే వాటికి వడగాలి తగులుతోంది. కాబట్టి మార్చిని తట్టుకోగల అలవాటునే జనవరిలో నాటాలి.

నాలుగు మెట్లు

1. పాత పనికి కొత్త పనిని కట్టండి. ‘రోజూ నడుస్తాను’ అనేది కోరిక. ‘మధ్యాహ్నం క్యారేజీ కడగగానే పది నిమిషాలు నడుస్తాను’ అనేది ఏర్పాటు. ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకున్నవారు తమ లక్ష్యాన్ని చేరే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి.

2. మార్చి 31న కూడా చేయగలిగినంత చిన్నదిగా మొదలుపెట్టండి. గంట నడక ఆ రోజు కుదరదు, పది నిమిషాలు కుదురుతుంది. సులువుగా ఉన్న రోజున ఎలాగూ ఎక్కువ చేస్తాం. కనీస మొత్తం మాత్రం ఎప్పుడూ కట్టగలిగేదై ఉండాలి.

3. మంచిపనికి దారి దగ్గర చేయండి, చెడ్డపనికి దూరం పెంచండి. నడక బూట్లు గుమ్మం పక్కన ఉండాలి. ఫోన్ ఛార్జర్ పడకగదిలో కాకుండా హాల్లో ఉండాలి. బిస్కెట్ ప్యాకెట్ డ్రాయర్‌లో ఉన్నంతకాలం సాయంత్రం ఐదింటికి చెయ్యి దానికదే అటు వెళుతుంది.

4. గుర్తు పెట్టండి, ఇంకొకరికి చూపండి. శాఖలో ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు ఆమోదిస్తారు. ఇంట్లోనూ అంతే. గోడ క్యాలెండర్ మీద రోజూ ఒక టిక్కు పెట్టండి, ఆదివారం దాన్ని చూసే పని మీ శ్రీమతికో, శ్రీవారికో, పిల్లలకో అప్పగించండి. పిల్లలంత కచ్చితమైన ఆడిటర్లు దొరకరు. ఒక రోజు తప్పితే మర్నాడే మళ్లీ మొదలుపెట్టాలి, అంతే. రెండో రోజు కూడా తప్పకుండా చూసుకోవడమే అసలు నియమం.

మనకు పనికొచ్చే మూడు అలవాట్లు

మొదటిది ఒంటికి సంబంధించినది. మనది కూర్చుని చేసే ఉద్యోగం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు దాదాపు 10.1 కోట్ల మంది, దాని అంచున ఉన్నవారు మరో 13.6 కోట్ల మంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్కసారిగా కుదరకపోతే రోజుకు పది నిమిషాల చొప్పున మూడుసార్లు, వారానికి ఐదు రోజులు నడిచినా ఆ లెక్క సరిపోతుంది. బస్సును ఒక స్టాపు ముందు దిగడం, ఫోన్ మాట్లాడుతూ నడవడం కూడా ఈ ఖాతాలో జమే.

రెండోది సీటుకు సంబంధించినది. కుర్చీలోంచి లేచే ప్రతిసారీ స్క్రీన్ లాక్ చేయడం, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకపోవడం, వోచర్ చదివాకే ఆమోదించడం. ఇవి అందరికీ తెలిసినవే. కానీ కౌంటర్ దగ్గర ఇరవై మంది నిలబడి ఉన్నప్పుడు తెలిసినది పనిచేయదు, అలవాటైనదే పనిచేస్తుంది. ‘టీకి వెళ్తున్నాను, నా ఐడీలో కానిచ్చెయ్యి’ అన్న మాట చాలా మంచి మనసుతోనే వస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఆ ఐడీలో తేడా బయటపడితే సిస్టమ్ చూపించేది ఐడీ యజమాని పేరునే. మంచి మనసు లాగ్‌లో నమోదు కాదు. పింఛనుకు ఏడాది ముందు చార్జిషీటు అందుకోవడమంటే ఆ ఉద్యోగి ఇంటికి ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. అందుకే చెయ్యి మౌస్ వదిలి కుర్చీ వెనక్కి జరగడాన్నే గుర్తుగా పెట్టుకుని, విండోస్, ఎల్ కీలు కలిపి నొక్కడం వేళ్లకు నేర్పాలి.

మూడోది డబ్బుకు సంబంధించినది. ఖాతాదారులకు రికరింగ్ డిపాజిట్ గురించి రోజూ చెప్పే మనలోనే చాలామందిమి నెలాఖరుకు మిగిలితే దాచుకుందామనుకుంటాం. మిగలదు. జీతం పడిన మర్నాడే కొంత మొత్తం దానంతటదే మళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నెలకు 3,000 రూపాయలైతే ఐదేళ్లలో వడ్డీ కాకుండానే 1,80,000. ఒక్కసారి ఫారం నింపితే అరవై నెలల తీర్మానాల అవసరం తప్పుతుంది.

బదిలీ వచ్చినప్పుడు

మన ఉద్యోగంలో అలవాట్లకు మరో పరీక్ష బదిలీ. వెండీ వుడ్ బృందం ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారిన విద్యార్థులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వ్యాయామం, పత్రిక చదవడం, టీవీ చూడటం వంటి అలవాట్లు పరిసరాలు మారనిచోట కొనసాగాయి. పరిసరాలు మారినచోట పాత అలవాటు పట్టు సడలి, అప్పటి ఉద్దేశమే నడిపించింది.

ఇది మనకు నష్టమూ, లాభమూ. పాత ఊళ్లో చెరువు గట్టు మీద నడిచేవారు కొత్త ఊళ్లో చెరువు లేదని నడక మానేస్తారు. అదే సమయంలో పాత శాఖ ఎదురుగా ఉన్న మిర్చి బజ్జీల బండి కూడా వెనకే ఉండిపోతుంది! కాబట్టి కొత్త చోట చేరిన మొదటి వారంలోనే, సామాన్లు సర్దుకుంటూనే, నడిచే దారిని, వేళను తేల్చుకోండి. ఖాళీగా ఉన్న వేళల్లో మంచి అలవాటును మనం కూర్చోబెట్టకపోతే ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

ఈ వారం చేయాల్సింది

కింది వాక్యంలో ఖాళీలు నింపి, డైరీలో మొదటి పేజీలో కాకుండా రోజూ కంటపడే చోట అతికించండి:

“నేను ప్రతిరోజూ ______ చేసిన వెంటనే, ______ దగ్గర, ______ నిమిషాలు ______ చేస్తాను. ఆదివారం ______ సరిచూస్తారు.”

ఒక్క అలవాటుకే రాయండి. అది ఆలోచించకుండా జరిగిపోతోందని తోచాకే రెండోది ఎత్తుకోండి. ‘అభ్యాసం కూసు విద్య’ అన్నారు పెద్దలు. జనవరి 1 దాటిపోయిందని వెనకాడనవసరం లేదు. సోమవారాలు వారానికొకటి వస్తాయి, ఉగాది ఎలాగూ వస్తుంది, మనకైతే ఏప్రిల్ 1 కూడా ఉంది.