దుబాయ్ సెలవులు: ఏజెంటు మాట కాగితం మీద ఉందా?

ప్రశ్న: వకీలు గారూ, మాది గుంటూరు. మా ఆయనది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఎండాకాలం యార్డుకు సెలవులు ఇవ్వగానే అత్తమ్మను, పిల్లలను తీసుకుని ఆరుగురం దుబాయ్ వెళ్లి ఒక వారం నింపాదిగా గడిపి రావాలనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటు నాలుగు లక్షల పైచిలుకు అడుగుతున్నాడు. అంతా హలాల్ భోజనమేనని, నమాజుకు ఇబ్బంది ఉండదని, ఆడవాళ్లు ఈత కొట్టడానికి విడిగా సమయం ఉంటుందని ఫోనులో చెబుతున్నాడు. తీరా వెళ్లాక అవేవీ లేకపోతే మాకు దిక్కెవరు?

జవాబు: అమ్మా, దిక్కుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీలాంటి కుటుంబాల కోసమే ఉంది. కాకపోతే ఆ చట్టం మీకు అక్కరకు రావాలంటే ఏజెంటు ఫోనులో చెప్పినవన్నీ బుకింగు కాగితంలోకి ఎక్కాలి. పట్టీ రాయించుకోకుండా ఒక్క మిర్చి టిక్కీ కూడా కాటా దాటనివ్వని ఇంటి వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

'హలాల్' అని ఒక్క ముక్క రాయించుకుంటే మాత్రం సరిపోదు. దుబాయ్‌లో మామూలుగా దొరికే మాంసం హలాల్‌దే. చిక్కు వచ్చేది మిగతా విషయాల్లో. అక్కడి పెద్ద హోటళ్లు చాలావాటిలో లైసెన్సు తీసుకున్న బార్లు ఉంటాయి. పంది మాంసం వడ్డించేచోట దాన్ని విడిగా గుర్తు పెట్టి అమ్ముతారు. ఎడారి సఫారీ అయ్యాక ఇచ్చే రాత్రి విందులో బెల్లీ డ్యాన్సు ఉండటం మామూలే. కొన్ని క్యాంపుల్లో మద్యమూ అమ్ముతారు. అత్తగారితో, ఎదిగిన పిల్లలతో వెళ్లే మీకు అది ఇబ్బందే. పక్కనున్న షార్జాలో మద్యం పూర్తిగా నిషేధం, హోటళ్లలోనూ ఉండదు. గన్నవరం నుంచి నేరుగా షార్జాకు 2022 అక్టోబరు 31న విమానం మొదలైంది. బస అక్కడ పెట్టుకుని పగలు దుబాయ్ చూసి రావడం కూడా ఆలోచించండి. రోడ్డు మీద రద్దీ ఎక్కువ, ఆ సమయం కలుపుకోవాలి.

కాబట్టి మీ కాగితంలో హోటలు పేరు ఉండాలి. మద్యం అమ్మని హోటలని ఉండాలి. ఈత కొలనులో ఆడవాళ్లకు కేటాయించిన గంటలు ఉండాలి. సఫారీ విందు డ్యాన్సు లేని కుటుంబ క్యాంపులోనని ఉండాలి. ఏజెంట్లు హోటలు పేరు పక్కన 'లేదా అదే స్థాయి హోటలు' అని చేరుస్తారు. గొడవలన్నీ అక్కడే పుడతాయి. అతని లెక్కలో స్థాయి అంటే నక్షత్రాలు, మీ లెక్కలో స్థాయి అంటే బారు లేకపోవడం. 'హోటలు మార్చితే మద్యం అమ్మని హోటలే ఇస్తాం' అన్న వాక్యం తప్పక రాయించండి. వాట్సాప్‌లో రాసినా సాక్ష్యమే, ఆ సంభాషణను చెరపకండి. విమానంలో ముస్లిం భోజనం కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, చవక విమానాల్లో డబ్బు కట్టి ముందే బుక్ చేసుకోవాలి.

యార్డు సెలవులు సాధారణంగా మే, జూన్‌లలో వస్తాయి. దుబాయ్‌లో అప్పుడు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, దానికి సముద్రపు ఉక్క తోడు. రేట్లు తగ్గేదీ అందుకే. మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచమని, రోజుకు ఒకటే కార్యక్రమం పెట్టమని అడగండి. జుహర్, అసర్ నమాజులు, అత్తమ్మ విశ్రాంతి ఆ ఖాళీలోనే కుదురుతాయి. మీకు అక్కర్లేని దుకాణాల ముందు బండి ఆపకూడదన్న షరతు కూడా పెట్టవచ్చు.

ఇక డబ్బు. ట్రావెల్ ఏజెంట్లకు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. అందుకని సంస్థ జీఎస్టీ నంబరు, ఆఫీసు చిరునామా మీరే చూసుకోవాలి. సొమ్ము సంస్థ ఖాతాలోకే వెళ్లాలి, వ్యక్తి ఫోన్‌పేకి కాదు. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని కొంత వసూలు చేస్తారు. అది ఏజెంటు రుసుము కాదు, మీ పాన్ మీద జమయ్యే ఆదాయపు పన్ను. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను పడకపోతే వాపసు వస్తుంది. ఈ సంగతి తెలియక వదిలేసుకునేవాళ్లు ఉంటారు. రసీదులో టీసీఎస్‌ను విడిగా చూపించమనండి.

చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే అది సేవాలోపం. అక్కడే ఫొటోలు తీసి, ఏజెంటుకు వెంటనే మెసేజి పెట్టండి. ఊరికి వచ్చాక 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే రాజీ ప్రయత్నం జరుగుతుంది. అది తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. గుంటూరులో ఉంది, ప్రకాశం జిల్లా వాళ్లకు ఒంగోలులో ఉంది. ఏజెంటు హైదరాబాద్ వాడైనా, ముంబయి వెబ్‌సైటు అయినా కేసు మీరు నివసించేచోటే వేయవచ్చు. పాత చట్టంలో లేని ఈ సౌకర్యం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ప్లీడరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. హోటలు బాగోలేదని పోలీసు స్టేషన్‌కు వెళితే అది సివిల్ తగాదా అంటారు, ఆ మాట సరైనదే. డబ్బు తీసుకుని టికెట్లే కొనకుండా మోసం చేస్తే అప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, పోలీసులే దిక్కు. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

ప్రయాణమే ఆగిపోతే? 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత వాన కురిసి, విమానాశ్రయంలోకి నీళ్లు వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇలాంటప్పుడు విమాన సంస్థ నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు. కానీ రద్దు చేసిన విమానానికి టికెట్ డబ్బు గానీ వేరే విమానం గానీ ఇవ్వాలి. డీజీసీఏ నిబంధనల ప్రకారం ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కూ వాపసు బాధ్యత విమాన సంస్థదే. 'ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు లేదు' అన్న షరతు మీద సంతకం పెట్టినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. అన్యాయమైన ఒప్పందమని దాన్ని ప్రశ్నించవచ్చు, అయితే ఆ ఫిర్యాదు విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఇక్కడి చట్టం. విమానం దిగాక మీకు వర్తించేది యూఏఈ చట్టం. మన వంటింటి సరుకే అక్కడ నేరం కావచ్చు. గసగసాలు ఆ దేశంలో నిషిద్ధం, మాదకద్రవ్యాల కింద లెక్క. కూర మసాలా పొడి, బిర్యానీ మసాలా డబ్బా సర్దేముందు అందులో గసగసాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇంట్లోనే వదిలేయండి. అత్తమ్మ మందులలో ట్రమడాల్, కోడీన్ లాంటివి ఉంటే డాక్టరు చీటీ ఒక్కటే చాలదు, అక్కడి ఆరోగ్య అధికారుల అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తెచ్చుకోవాలి. పరాయి వాళ్ల ఫొటోలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, అడగకుండా తీయడం నేరం. అక్కడ స్థిరపడ్డ మన వాళ్ల దగ్గర ఊరి మసీదుకు చందా పోగుచేయడం పుణ్యకార్యమే, కానీ లైసెన్సు లేకుండా చేస్తే ఆ దేశంలో శిక్ష పడుతుంది. మంచి మనసుతో చేసిన పనికి కేసులో ఇరుక్కోవద్దు.

మరో అపోహ బంగారం గురించి. ఆడవాళ్లు 40 గ్రాములు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని అందరూ చెబుతారు. అది ఏడాదికి మించి విదేశంలో నివసించి తిరిగి వచ్చేవాళ్లకే. వారం రోజుల సెలవుకు వెళ్లిన మీకు వర్తించదు. ఒంటి మీద భారీ నగలతో వెళ్లేటట్లయితే బయలుదేరే రోజే విమానాశ్రయంలో కస్టమ్స్ వారి దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు అవి మీవేనని నిరూపించుకునే పని ఉండదు.

అక్కడ ఏదైనా ఆపద వస్తే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు మీకుంది, 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కది. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. తాడేపల్లిలోని ఏపీఎన్ఆర్టీ సొసైటీ కూడా తెలుగువాళ్లకు సాయం చేస్తుంది. ఆ సొసైటీ నంబరు కూడా కనుక్కుని, రెండు నంబర్లూ ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర కూడా రాసి పెట్టండి.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కనుక బేరం మీ చేతిలోనే ఉంది. ముందు షరతులు రాయించండి, తరువాతే డబ్బు పంపండి. ఒకవేళ ఫిర్యాదు చేయాల్సి వస్తే లోపం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు కమిషన్‌లో దాఖలు చేయాలి.