ఏ పని ముందు, ఏ పని వెనుక?

వానకాలము వచ్చినంతనే పనులన్నియు ఒక్కమాఱే మీదపడును. దుక్కి, గట్లు, నారు, ఎరువు, కూలీలు. వీనిలో దేనిని ముందు పట్టవలెనో యోచింపక, కంటికి కనబడినదానిని పట్టుట మనలో పలువురి యలవాటు. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు కష్టించియు పంట తగ్గినదని చింతించువారు, తమ పనుల వరుసను ఒకమాఱు పరీక్షించుకొనవలెను.

సేద్యపు పనులు మూడు తెగలు. మొదటివి, గడువు దాటినచో మరల చేయ వీలులేనివి: నాటు, మొదటి కలుపు, పైపాటు ఎరువు. రెండవవి, పరుల చేతిలో నున్నవి: కాలువనీరు, ట్రాక్టరు, కూలీలు, అప్పు. మూడవవి, నేడు కాకున్న రేపైనను చేయదగినవి: కొట్టపు కప్పు, కంచె, బండిబాట. మూడవవానిని వేసవిలోనే ముగింపుడు. రెండవవానికై ముందుగా మాటాడుకొనుడు. మొదటివానికి మాత్రము ఇంటిల్లిపాది చేతులను మిగిల్చి యుంచుడు.

మఠంపల్లి ప్రాంతమున ఈ విచక్షణ మఱింత యవసరము. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి ఎడమకాలువ క్రింది వరిసేద్యము జలాశయపు మట్టమును బట్టి నడచుచున్నది. కృష్ణకు ఎగువ వానలు ఆలస్యమైన యేట ఆగస్టునకు గాని నీరు రాదు. అట్టి యేట ఆరుద్రకార్తెలోనే నారంతయు ఒక్కనాడు పోసినచో అది మడిలోనే ముదిరి, నాటిన పిదప పిలకలు తక్కువ పెట్టును. మిక్కిలి జాగుచేసి పోసినచో దీర్ఘకాలపు రకము చలిలో పూతకు వచ్చి తాలుపడును.

కావున నాటుదినము నుండి వెనుకకు లెక్కవేయుడు. సాంబ మసూరి వంటి సుమారు 150 దినముల రకమునకు 25 మొదలు 30 దినముల నారు తగును. 120 దినముల రకమునకు 20 మొదలు 25 దినముల నారు చాలును. ఎకరమునకు రెండు గుంటల నారుమడి కావలెను. బావినీరు గలవారు సగము నారు ముందు పోసి, తక్కిన సగము పది దినముల పిదప పోయుట మేలు. నీరు ఇంకను జాగైనచో స్వల్పకాలపు రకమునకు మాఱుడు. నారు ముదిరియే యున్నచో కుదురునకు 4, 5 మొక్కల చొప్పున దగ్గరగా నాటుడు.

నాటిన పిదపను వరుస తప్పరాదు. కలుపు తీయక యూరియా చల్లుట కలుపును మేపుటయే యగును. మొదట కలుపు తీసి, మడిలో నీరు తగ్గించి ఎరువు చల్లి, ఒకటి రెండు దినముల పిదప నీరు పెట్టుడు.

నారు పోసిననాడే ఆ తేదీని గోడ క్యాలెండరుపై గుర్తించి, నాటు, కలుపు, ఎరువు తేదీలను దానినుండి లెక్కించి వ్రాయుడు. ప్రతి యాదివారము సాయంకాలము ఇంటివారందఱు కూర్చుండి, రాబోవు వారమున గడువు దాటు పని యేదో చూచి, దానికే మొదటి రెండు దినములు కేటాయింపుడు.

విత్తనము, ఎరువు, అప్పు కావలసినవారు కాలువ పాఱువఱకు ఆగక సంఘమునకు ముందే తెలుపుడు. పదిమంది కన్యకల దృష్టాంతమున నూనె కొనబోయినవారు తిరిగి వచ్చుసరికి తలుపు మూయబడెను. తూమునీరును ఎవరికొఱకు వేచియుండదు.