అడిగే ముందు దాతను తెలుసుకోవడం



ప్రతి వార్షిక సంచికలోనూ మీరు జమా ఖర్చుల లెక్క చూస్తారు. ఉపకార వేతనాలు అందుకున్న పిల్లల వివరాలు చదువుతారు. సహకరించినవారి జాబితాలో మీ పేరు సరిగ్గా పడిందో లేదో కూడా చూసుకుంటారు. కాని ఆ జాబితా ఎలా తయారవుతుందో ఎవరూ రాయరు. ఎవరిని అడగాలి, ఏ పనికి అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏం అడగకూడదు అన్నది సేవాసంస్థలు నేర్చుకోవలసిన ఒక విద్య. దాన్ని ఈసారి దాతల ముందే విప్పి చెప్పాలనుకుంటున్నాం. ఇందుకు రెండు కారణాలున్నాయి. మీ గురించి సంస్థ ఏమి తెలుసుకుంటోందో మీకు తెలియాలి. పైగా మీ సహాయం లేకుండా ఈ పని సాగదు.

తెలియకుండా అడిగితే ఏమవుతుంది?

రమజాన్ నెల రాగానే రసీదు పుస్తకాలు పంచుకుని బజారులోకి వెళ్లడం చాలా చోట్ల అలవాటు. పెద్ద బోర్డు కనిపించిన దుకాణమల్లా ఎక్కుతారు. ఒకే దుకాణానికి ఒకే రోజు నాలుగైదు సంస్థలవాళ్లు వస్తారు. యజమాని గల్లాపెట్టె తెరిచి తలా 100 రూపాయలు ఇచ్చి పంపేస్తాడు. ఆ సంస్థ ఏం చేస్తుందో ఆయనకు తెలియదు. ఆయన ఏ పనికి ఇవ్వాలనుకుంటున్నాడో సంస్థకూ తెలియదు. బహుశా ఆయన ఒక అనాథ పిల్ల చదువు మొత్తం భరించడానికి సిద్ధంగా ఉన్నాడేమో! ఆ మాట ఎవరూ అడగలేదు కనుక 100 రూపాయలతోనే పని ముగిసింది. ఇక్కడ నష్టపోయింది ఫీజు గడువు దగ్గరపడిన ఆ పిల్లే.

మూడు ప్రశ్నలు

దాతల విషయంలో మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇవ్వగల శక్తి ఉందా? సంస్థతో సంబంధం ఉందా? ఈ పనిమీద మనసు ఉందా?

సాధారణంగా అందరూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇల్లు చూసి, కారు చూసి అంచనా వేస్తారు. అయితే శక్తి ఒక్కటే ఉండి మిగతా రెండూ లేకపోతే ఆ తలుపు తట్టడం వృథా ప్రయాస. సంబంధం, మనసు ఉన్న మధ్యతరగతి ఉద్యోగి అంతకంటే మేలైన దాత. పైగా శక్తి కంటికి కనిపించేది కాదు. పెద్ద ఇంటి వెనుక పెద్ద అప్పు ఉండవచ్చు. పాత స్కూటరు మీద తిరిగే పెద్దమనిషి ఏటా నలుగురి ఫీజులు కట్టవచ్చు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో ప్రారంభించిన విద్యాలయమే 1920లో విశ్వవిద్యాలయమైంది. ఆయన నిజాం ప్రభుత్వాన్నీ ఆశ్రయించారు, మామూలు ఉద్యోగులనూ ఆశ్రయించారు. ముస్లిములనూ అడిగారు, హిందువులనూ అడిగారు. చందా ఇచ్చినవారి పేర్లు అక్కడి గోడల రాళ్లమీద నేటికీ కనిపిస్తాయి. ఎవరి శక్తి ఎంతో, ఎవరిని ఏ మాటతో కదిలించవచ్చో ఎరిగి అడిగినవారికే అంతటి విస్తృతి సాధ్యమవుతుంది.

వెతకడం ఎక్కడ మొదలు?

కొత్త దాతల కోసం ఊరంతా తిరిగే ముందు పాత రసీదు పుస్తకాలు తెరవాలి. చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, ఎన్నిసార్లు ఇచ్చారు, మొత్తం ఎంత ఇచ్చారు అనే మూడు గడులు గీసి నింపితే చాలా విషయాలు బయటపడతాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఒకరు ఆరేళ్ల క్రితం ఒక సభలో 25,000 రూపాయలు ప్రకటించి ఇచ్చారు, మళ్లీ కనిపించలేదు. ఇంకొకరు నెలకు 500 చొప్పున 8 ఏళ్లుగా ఇస్తున్నారు. సభలో చప్పట్లు మొదటివారికే వచ్చాయి. లెక్క వేస్తే రెండోవారు ఇచ్చింది 48,000. హాస్టల్ గదికి, కుట్టు శిక్షణ కేంద్రానికి పెద్ద సాయం కావలసినప్పుడు ముందుగా కూర్చుని మాట్లాడవలసింది ఈ రెండోవారితోనే. మొదటివారు ఎందుకు ఆగిపోయారో కూడా తెలుసుకోవాలి. ఇల్లు మారి ఉండవచ్చు, రసీదు అంది ఉండకపోవచ్చు, ఆ డబ్బుతో ఏం చేశారో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

లెక్కలోకి రాని దాతలు

చందాకు వెళ్లేది మగవాళ్లు, మాట్లాడేది ఇంటి యజమానితో. అందువల్ల సగం మంది దాతలు జాబితాలోకే రారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం స్త్రీ సొంత నగలపై జకాత్ ఆమె బాధ్యతే, భర్తది కాదు. నిసాబ్ దాదాపు 87.5 గ్రాముల బంగారం లేదా 612 గ్రాముల వెండి. ఈ పరిమితి దాటిన నగలున్న అక్కచెల్లెళ్లు మన బస్తీల్లో ఎందరో ఉన్నారు. వారితో మాట్లాడటానికి మహిళా సభ్యులే వెళ్లాలి, రసీదు కూడా ఆమె పేరుమీదే ఇవ్వాలి.

రెండో వర్గం, ఒకప్పుడు సాయం పొంది నేడు స్థిరపడినవారు. వీరికి సంస్థతో సంబంధం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. చేసిన మేలును గుర్తుచేస్తూ అడగకూడదు. దెప్పిపొడుపు దానాన్ని వ్యర్థం చేస్తుందని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరించింది. “ఇప్పుడు ఇలాంటి పిల్లలు ఇందరున్నారు” అని చెప్పి ఊరుకోవడమే మర్యాద.

మూడో వర్గం, మన ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరులు. వైద్య శిబిరం, చలివేంద్రం, రక్తదానం వంటివి అందరికీ ఉపయోగపడేవి కనుక వారినీ ఆహ్వానించాలి. చాలామంది ఇవ్వకపోవడానికి కారణం ఎవరూ అడగకపోవడమే.

ఏ సొమ్ము ఏ పనికి?

దాతను తెలుసుకోవడంలో ముఖ్యమైన భాగం, ఆయన ఇస్తున్నది ఏ సొమ్మో తెలుసుకోవడం. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో 8 వర్గాలు పేర్కొనబడ్డాయి. అర్హుడి చేతికి సొమ్ము చేరి అతని సొంతం కావాలన్నది హనఫీ ఉలమాల నియమం. కాబట్టి భవనం స్లాబుకు, కార్యాలయ అద్దెకు జకాత్ అడగకూడదు. వాటికి సాధారణ విరాళం, సదఖా జారియా కావాలి. కొందరు బ్యాంకు వడ్డీ సొమ్మును పుణ్యాపేక్ష లేకుండా వదిలించుకోవాలని తెస్తారు. దానికి వేరే ఖాతా ఉండాలి. ఈ తేడా తెలియకుండా అడిగితే దాత ఆరాధన చెడుతుంది, సంస్థ పరువు పోతుంది.

ఎప్పుడు అడగాలి?

జకాత్‌కు చాంద్రమాన సంవత్సరం పూర్తికావాలి. చాలామంది సౌలభ్యం కోసం రమజాన్‌లో లెక్క చూసుకుంటారు. అది ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందరి చేతిలోనూ అదే నెలలో డబ్బు ఉండదు. రైతు చేతికి సొమ్ము వచ్చేది పంట అమ్మినప్పుడు. వర్షాధార పంటపై పదో వంతు, నీరు పెట్టి పండించిన పంటపై ఇరవయ్యో వంతు ఉష్ర్ ఇవ్వాలని తెలిసిన రైతును గుంటూరు మిర్చి యార్డులో అమ్మకాలు సాగే రోజుల్లో కలవాలి. కంపెనీల బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తుంది. ఉద్యోగి పన్ను మినహాయింపు గురించి ఆలోచించేది జనవరి నుంచి మార్చి లోపల. ఆదాయపు పన్ను చట్టం కింద 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదన్న సంగతి కూడా దాతకు ముందే చెప్పాలి.

కంపెనీలు, విదేశాల్లోని మనవారు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవర్ గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏయే పనులకు ఖర్చు పెట్టవచ్చో ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంది. విద్య, వైద్యం, తాగునీరు అందులో ఉన్నాయి; కొత్త ప్రార్థనా స్థలాల నిర్మాణం లేదు. దరఖాస్తు పెట్టే ముందు ఆ కంపెనీ గత సంవత్సరాల్లో దేనికి ఇచ్చిందో దాని వార్షిక నివేదికలో చదవాలి. సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఆ కంపెనీలో పనిచేసే మన దాత ఒకరు పరిచయం చేస్తే మాట వినే మనిషి దొరుకుతాడు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవారి విషయంలో మొదటి ప్రశ్న, “మీది ఏ దేశం పాస్‌పోర్టు?” భారత పౌరుడు తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేదా ముందస్తు అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ప్రేమతో పంపిన సొమ్మే సంస్థకు చిక్కు తెస్తుంది కనుక ఇది ముందే అడగాలి.

దాటకూడని గీత

తెలుసుకోవడానికి, గూఢచర్యానికి మధ్య గీత ఉంది. ఇతరుల రహస్యాలు వెదకడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. బ్యాంకులో పనిచేసే బంధువును అడిగి ఒకరి ఖాతా వివరాలు రాబట్టడం, పెళ్లి ఖర్చు చూసి ఆస్తి లెక్కగట్టడం, పనిమనిషిని ఆరా తీయడం ఈ గీత దాటడమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనిషి వివరాలపై హక్కు ఆ మనిషికే ఇచ్చింది.

దాత కార్డులో మేము రాసుకోవలసింది ఇంతే: పేరు, చిరునామా, ఎప్పుడు ఎంత ఇచ్చారు, అది జకాతా సాధారణ విరాళమా, ఏ పనిమీద ఆసక్తి, ఎవరు పరిచయం చేశారు, పేరు ప్రకటించవచ్చా లేదా. కుటుంబ తగాదాలు, అప్పులు, జబ్బులు, మసలక్ భేదాలు అందులో ఉండకూడదు. ఒక పరీక్ష పెట్టుకుంటే చాలు: దాత ఎదుట కూర్చుని చదివి వినిపించగలిగిన మాట మాత్రమే కార్డులో ఉండాలి. మీ కార్డు చూపమని అడిగే హక్కు, అందులో మాట తీసేయమనే హక్కు మీవి. గుప్తంగా ఇవ్వదలచినవారి పేరు ఈ సంచికలోనూ రాకూడదు.

మీరు చేయగలిగినవి

1. మీ కార్డు మీరే నింపండి. ఏ పనికి ఇవ్వాలని ఉందో, ఏ నెలలో వీలో రాయండి. మళ్లీ మళ్లీ అడిగే ఇబ్బంది మీకూ ఉండదు, మాకూ ఉండదు.

2. మీకు బాగా తెలిసిన ముగ్గురి గురించి ఆలోచించండి. వారి ఆస్తి ఎంతో మాకు చెప్పనక్కర్లేదు. వారి అనుమతి తీసుకుని ఒకసారి వెంటబెట్టుకుని రండి. పిల్లల చదువుకునే గది చూపిద్దాం. అడగడం తర్వాతి సంగతి.

3. ఇవ్వడం కుదరని సంవత్సరం “ఈసారి కుదరదు” అని చెప్పండి. అది మీ గౌరవానికి లోటు కాదు. కార్డులో ఆ మాట రాసుకుని ఆ ఏడాది మీ తలుపు తట్టకుండా ఉండటం సంస్థ మర్యాద.

దాతను ఎరిగి అడిగినప్పుడు ఇచ్చే చేయి నొచ్చుకోదు, పుచ్చుకునే చేయి చిన్నబోదు. అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.