యాత్రికుని కెమెరా

తాను చూసిన వింతను పదిమందికీ చూపాలనుకోవడం మానవ సహజం. పూర్వకాలపు యాత్రికులు ఆ వింతలను మాటలలో వర్ణించారు. చిత్రకారులు రంగులలో నిలిపారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పనికి కెమెరా తోడయింది. అయితే తొలినాళ్ళ కెమెరా యాత్రకు అనువైనది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో ఒక చిత్రం తీయాలంటే కొయ్యపెట్టె వంటి కెమెరా, దానిని నిలిపే ముక్కాలి పీట, గాజుపలకలు వెంట ఉండవలసిందే. ఆ బరువు మోయడానికి మనుషులు కావలసి వచ్చేది. కాని ఆ కెమెరాకు విద్యుత్తుతో పనిలేదు. వెలుతురు ఉంటే చాలు.

శతాబ్దం గడిచేసరికి పరిస్థితి తారుమారయింది. 1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న స్టీవెన్ సాసన్, ఫిల్ము అవసరం లేని కెమెరా నమూనాను రూపొందించాడు. దాని బరువు సుమారు 3.6 కిలోలు. ఒక్క చిత్రాన్ని క్యాసెట్టు టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అది పనిచేయడానికి 16 నికెల్-కాడ్మియం బ్యాటరీలు కావలసి వచ్చాయి. ఈ విధంగా డిజిటల్ కెమెరా పుట్టుకతోనే బ్యాటరీకి బానిస అయింది.

తరువాతి కాలంలో కెమెరా చిన్నదవుతూ వచ్చింది. 2006లో పానసోనిక్ సంస్థ విడుదల చేసిన ల్యూమిక్స్ టీజెడ్1 వంటి కెమెరాలు 'ట్రావెల్ జూమ్' అనే తరగతికి ప్రాచుర్యం కల్పించాయి. అరచేతిలో ఇమిడే ఆ కెమెరాలో దృశ్యాన్ని 10 రెట్లు దగ్గరకు తెచ్చే కటకం అమరింది. గుడి ముంగిట నిలిచిన యాత్రికుడు గోపురం మొత్తాన్ని ఒక చిత్రంలోను, దాని కొనన ఉన్న శిల్పాన్ని మరొక చిత్రంలోను, అడుగు కదపకుండానే బంధించగలుగుతాడు. ఇది కటకాలు ముందుకు, వెనుకకు జరగడం వల్ల కలిగే నిజమైన జూమ్. తీసిన చిత్రంలో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చేసే డిజిటల్ జూమ్ వేరు. మొదటిదానిలో శిల్పపు చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది. రెండవదానిలో చిత్రం పెద్దదవుతుందే కాని కొత్త వివరమేదీ చేరదు.

ఇంత చక్కని చిత్రాలు తీసే ఈ కెమెరాకు ఒక బలహీనత ఉంది. అది బ్యాటరీ. కెమెరా జేబులో పట్టాలంటే దాని బ్యాటరీ కూడా చిన్నదిగా ఉండక తప్పదు. కాని పని మాత్రం తక్కువ కాదు. కటకాలను జరిపే మోటారు, చేతి వణుకును సరిదిద్దే యంత్రాంగం, వెలుగును గ్రహించే సెన్సరు, వెనుకనున్న తెర, ఫ్లాష్ అన్నీ ఆ ఒక్కదానిమీదనే ఆధారపడతాయి. 3.6 వోల్టులు, 1000 మిల్లీ ఆంపియర్-గంటల సామర్థ్యం గల చిన్న బ్యాటరీలో ఉండే శక్తి 3.6 వాట్-గంటలు. అంత శక్తితో 9 వాట్ల దీపం 24 నిమిషాలు మాత్రమే వెలుగుతుంది. ఆ కొద్దిపాటి శక్తితోనే కెమెరా వందల చిత్రాలు తీయడం నిజానికి గొప్ప విషయం.

అయినా 'పెట్టె మీద 300 చిత్రాలని రాశారు, 150కే కెమెరా ఆగిపోయింది' అని వాపోయేవారు కనిపిస్తారు. ఇందులో మోసం ఉండాలని లేదు. జపాను కెమెరా తయారీదారుల సంఘమైన 'సీపా' నిర్ణయించిన పద్ధతి ప్రకారం 30 సెకన్లకొక చిత్రం చొప్పున, సగం చిత్రాలకు ఫ్లాష్ వాడుతూ బ్యాటరీని పరీక్షిస్తారు. యాత్రికుడు అలా వాడడు. తీసిన ప్రతి చిత్రాన్ని తెరమీద చూసుకుంటాడు, తోటివారికి చూపుతాడు, నడుమ వీడియో తీస్తాడు. అతడు లెక్కించేది చిత్రాలను. బ్యాటరీ లెక్కించేది తెర వెలిగిన కాలాన్ని.

మరొక చిక్కు కూడా ఉంది. లిథియం-అయాన్ బ్యాటరీ వోల్టేజి చాలాసేపు దాదాపు నిలకడగా ఉండి, చివరిదశలో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల అప్పటివరకు నిండుగా కనిపించిన గుర్తు చూస్తుండగానే ఎర్రబడుతుంది. చలిప్రదేశాలలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. హిమాలయ యాత్రలో 'అయిపోయిన' బ్యాటరీ, ఒంటి వెచ్చదనం తగిలే లోపలి జేబులో కాసేపు ఉంచితే మళ్ళీ పనిచేయడానికి కారణమిదే. ఎండ చేసే హాని ఇటువంటిది కాదు. మండుటెండలో నిలిపిన కారులో వదిలిన బ్యాటరీ కోల్పోయిన సామర్థ్యం తిరిగి రాదు.

కాబట్టి జాగ్రత్త అవసరం. అదనపు బ్యాటరీ ఒకటి వెంట ఉంచుకోవాలి. విమానంలో దానిని చేతిసంచిలోనే తీసుకుపోవాలి. దాని లోహపు కొనలు మరో లోహానికి తగలకుండా చూడాలి. చిత్రాలను తిలకించడం బసకు చేరిన తరువాత పెట్టుకోవడం మంచిది. నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీని సగం ఛార్జితో చల్లని చోట భద్రపరచాలి. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, గుచ్చరాదు, చెత్తబుట్టలో పారవేయరాదు. వాడి పారవేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను మనదేశంలో 2022 నాటి నిబంధనలు ఉత్పత్తిదారులపై ఉంచాయి.

నేడు చాలామందికి సెల్‌ఫోనే కెమెరా. దాని బ్యాటరీ పెద్దదే అయినా, దారి చూపడం, మాట్లాడడం, డబ్బు చెల్లించడం అన్నీ దానిమీదనే పడ్డాయి. చిత్రాలు తీసి తీసి ఫోను ఆగిపోతే, పరాయి ఊరిలో యాత్రికుడు దారి కూడా కోల్పోతాడు. కనుక పరికరం మారినా పాఠం మారలేదు. పరికరపు గొప్పదనాన్ని తెలుసుకున్నవాడు దానిని కొంటాడు; దాని పరిమితిని కూడా తెలుసుకున్నవాడే దానిని సరిగా వాడుకుంటాడు.

ప్రశ్నలు
1. నిజమైన జూమ్‌కు, డిజిటల్ జూమ్‌కు గల భేదాన్ని వివరించండి.
2. పెట్టెమీది సంఖ్యకు, యాత్రికుని అనుభవానికి తేడా ఎందుకు వస్తుంది?
3. చలి, ఎండ బ్యాటరీపై చూపే ప్రభావాలను పోల్చి రాయండి.