వేసవి కోడ్ పథకమునకు దరఖాస్తు: ముందుగా చేయవలసిన పని

మన గ్రామములనుండి ఇంజనీరింగు, డిగ్రీ చదువులకు పోయిన పిల్లలలో కొందరు 'గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్' అను పథకమునకు దరఖాస్తు పెట్టుకొనుచున్నారు. తల్లిదండ్రులు దానిని గూర్చి అడిగినప్పుడు పంచాయతీ సభ్యులు నాలుగు మాటలు చెప్పగలిగి యుండుట అవసరము.

కంప్యూటరును నడిపించు ఆజ్ఞలను వ్రాసిన మూలపాఠమునకు కోడ్ అని పేరు. దానిని దాచిపెట్టక, చదువుటకును, మార్చుటకును, పంచుటకును అందరికి అనుమతి నిచ్చినచో అది ఓపెన్ సోర్స్. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ ఇట్టిదే. మన ఆండ్రాయిడ్ ఫోనుల లోపల పనిచేయునది అదియే. దీనిని ఊరి చెరువుతో పోల్చవచ్చును. నీరు అందరిది, గట్టుకు గండి పడినచో ఎవరైనను తట్టెడు మట్టి వేయవచ్చును. కాని తూము ఎత్తుట, దించుట నీరటి పని. అట్లే సవరణ ఎవరు పంపినను, పరీక్షించి చేర్చుకొనువారు ఆ ప్రాజెక్టు నిర్వాహకులే.

ఈ పథకము 2005లో ఆరంభమైనది. ఆ యేడు 200 స్థానములకు 8,700కు పైగా ప్రతిపాదనలు రాగా, స్థానములను 419కి పెంచిరి. 2022 నుండి విద్యార్థులే గాక, 18 ఏండ్లు నిండి ఈ రంగమునకు క్రొత్తవారైన ఇతరులును అర్హులు. ఇంటివద్దనుండియే, ఒక మార్గదర్శి పర్యవేక్షణలో, ప్రాజెక్టునుబట్టి సుమారు 90, 175 లేక 350 గంటలు పనిచేయవలెను. పని తృప్తికరమైనచో ధనసహాయము లభించును. ఆ మొత్తము దేశమునుబట్టి మారును. దరఖాస్తునకు రుసుము లేదు. స్థానము ఇప్పించెదనని ఎవరైనను సొమ్ము అడిగినచో ఆ కుటుంబమును సభ్యులు తక్షణమే హెచ్చరింపవలెను.

పాల్గొను సంస్థల జాబితా సాధారణముగా ఫిబ్రవరిలో వెలువడును. ప్రతిపాదనలు మార్చి, ఏప్రిల్ మాసములలో పంపవలెను. అందుచే మార్చిలో కూర్చుండి ప్రతిపాదన వ్రాయుటయే సన్నాహమని పలువురు తలచుచున్నారు. పొరపాటంతయు ఇచ్చటనే యున్నది. దసరా నాటికే, తాను నిత్యము వాడు సాధనమును తయారుచేయు సంస్థను ఎన్నుకొనవలెను. ఉదాహరణకు, తెలుగు వికీపీడియా 2003 నుండి నడచుచున్నది. దానికి ఆధారమైన వికీమీడియా సంస్థ ఈ పథకమున పలుమార్లు పాల్గొన్నది. ఆ కోడ్‌ను మొదట తన కంప్యూటరుపై నడిపించి చూడవలెను. ఇందుకే వారము పట్టినను నిరాశపడరాదు. పిదప ఒక చిన్న లోపమును సవరించి పంపవలెను. నిర్వాహకులు తప్పులు చూపి త్రిప్పి పంపుదురు. దిద్ది మరల పంపవలెను. ఇట్లు రెండు మూడు సవరణలు చేరిన విద్యార్థిని మార్గదర్శులు పేరుతో గుర్తింతురు. సందేహము అడుగునప్పుడు 'పనిచేయుట లేదు' అనిన చాలదు. ఏమి చేసితిమి, ఏమి జరిగినది, తెరపై ఏ వాక్యము కనబడినది అని సరళమైన ఇంగ్లీషులో వ్రాయవలెను.

అటుపిమ్మట ప్రతిపాదన సులభము. లోపమేది, పరిష్కారమెట్లు, ఏ వారము ఏ పని అనునవి అందుండవలెను. పరీక్షల దినములను దాచరాదు. గడువునకు ముందే చిత్తుప్రతిని మార్గదర్శికి చూపవలెను. కృత్రిమ మేధచే వ్రాయించి, తనకే అర్థము కానిది పంపినచో మొదటి ప్రశ్నకే చిక్కుపడుట తథ్యము. ఒకరు మూడు ప్రతిపాదనల వరకు పంపవచ్చును గాని, శ్రద్ధగా వ్రాసిన ఒక్కటియే మేలని మా అభిప్రాయము.

ఎంపిక కానివారే ఎక్కువమంది. అయినను చేర్చుకొనబడిన సవరణ వారి పేరుతోనే నిలిచియుండును. ఉద్యోగమునకు పోయినప్పుడు చూపుకొనవచ్చును.

పంచాయతీ చేయదగినది స్వల్పమే: భవనమున ఒక బల్ల, విద్యుత్తు, ఇంటర్నెట్. మార్గదర్శులలో పలువురు ఐరోపా, అమెరికాలవారగుటచే వారి పగలు మనకు సాయంత్రము, రాత్రి. కావున రాత్రి తొమ్మిది వరకు తలుపు తెరచి యుంచవలెను. ఆడపిల్లలు నిస్సంకోచముగా వచ్చుటకు నమ్మకమైన పెద్దవారొకరు అచ్చట నుండవలెను. దసరా సెలవులకు పిల్లలు ఇండ్లకు వత్తురు. అంతకు ముందరి సమావేశమునందే ఆ గది తాళము ఎవరి వద్ద నుండవలెనో తీర్మానించుట మంచిది.