నీట్ రాకపోతే నర్సింగా?

తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈమధ్య తరచూ వినిపించే మాట: "నీట్ రాకపోతే నర్సింగ్‌లో చేర్పించి జర్మనీ పంపేద్దాం." ఆ పిల్లకి ఏది ఇష్టమో మాత్రం ఎవరూ అడగరు. గుండె జబ్బుల నివారణ మీద పరిశోధన చేసే నర్సు అనే ఉద్యోగం ఉందని ఆ పెద్దల్లో చాలామందికి తెలియదు.

ఆ పనికి కావలసిన ప్రశ్నలు మన ఊళ్లలోనే ఉన్నాయి. బీపీ, షుగర్ మాత్రలను ఇంటికే చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తమిళనాడు 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. మాత్ర ఇంటికి వచ్చింది సరే, మనిషి వేసుకుంటున్నాడా? బెంగళూరు పనికి పోయిన మేస్త్రి "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఎందుకు మానేస్తాడు? ఏం చేస్తే మానడు? పరిశోధక నర్సు తేల్చాల్సింది ఇదే. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టారా, చెయ్యి గుండె ఎత్తులో ఉందా, పట్టీ సైజు సరిపోయిందా అన్నవి పట్టించుకోకపోతే రాసుకున్న అంకెలన్నీ వృథా.

ఇలాంటి పరిశోధనలు మన దేశంలో ఇప్పటికే జరిగాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను 2003-04లో పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవేనని తేలింది. గుండెపోటు వచ్చిన 806 మందిని 14 ఆసుపత్రుల నుంచి తీసుకుని చేసిన 'స్ప్రెడ్' అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు ఏడాదిపాటు వెంట ఉన్నవాళ్లు మందులు మరింత క్రమంగా వాడారు. హర్యానా, కర్ణాటకల్లో నర్సుల చేతికి ట్యాబ్ ఇచ్చి చేసిన 'ఎంవెల్‌కేర్'లో మాత్రం మామూలు పద్ధతి కంటే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాంటి ఫలితాన్నీ దాచకుండా రాయగల ఓపిక ఉన్నవాళ్లకే ఈ దారి.

చదువు సంగతి: ప్లస్ టూలో సైన్స్, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఏడాది అనుభవం, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ.

నన్నడిగితే ఒక్క ఏడాది చాలదు. కార్డియాక్ వార్డులో రెండు మూడేళ్లు చేసి మరీ ఎమ్మెస్సీకి వెళ్లమంటాను. రాత్రి డ్యూటీలో రోగి పక్కన నిలబడని వాళ్లకి అడగాల్సిన ప్రశ్నే తట్టదు. వెల్లూరు సీఎంసీ, తిరుపతి స్విమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి చోట్ల ప్రయత్నించండి. పరిశోధన ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అందుకే పక్కన ఆసుపత్రి కొలువో, బోధనో ఉంచుకోవడం మంచిది.

ఇక డబ్బు గుంజే చోట్లు. బంగారం కుదువపెట్టి మూడోసారి నీట్ లాంగ్‌టర్మ్‌కి కట్టకండి. ఆ డబ్బుతో పాటు పిల్ల ధైర్యమూ పోతుంది. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ప్రాక్టికల్స్‌కి రోగులు నిండుగా ఉండే ఆసుపత్రి ఉందా చూడండి. భవనం అద్దాలు చూసి మోసపోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ వదలొద్దు. విదేశం పోదలిస్తే ముందు తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఓఎంసీఎల్‌లో అడగండి. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా తీసుకోగలిగేది జీఎస్టీ కాక ₹30,000 వరకే. జర్మన్ క్లాసులకీ, వీసాకీ కలిపి లక్షల ప్యాకేజీ చెప్పేవాణ్ణి ఏజెంటు లైసెన్సు చూపించమనండి.

ఫీజు కట్టే ముందు పిల్లనో పిల్లాణ్ణో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. బీపీ రోగులు వచ్చే రోజు, అక్కడి నర్సుతో పెద్దలు లేకుండా మాట్లాడనివ్వండి. వద్దంటే అక్కడితో ఆపండి. సరేనంటే మీ జర్మనీ ముచ్చట మీ దగ్గరే ఉంచుకోండి.